ఎక్కిళ్ళ ప్రెస్సు

సేఫ్టీ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మా మేనకోడలు ఆ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ప్రాజెక్టు వర్కు అనగానే వాళ్ళని నా మీదకి తోలుతుంది. పుస్తకంలో నేర్చుకున్నది వాళ్ళు నాకు చెబుతారు. చిన్న చిన్న గాయాలను ఎప్పటికప్పుడు గమనిస్తూ ఉంటే పెద్ద ప్రమాదాన్ని ముందే ఆపవచ్చట. నిజమే. నేను గమనించాను. గమనించిన తర్వాత ఏం జరుగుతుందో వాళ్ళ పుస్తకాల్లో ఉన్నట్టు లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

తొంభైల మధ్యలో విజయవాడ శివార్లలో ఒక డబ్బాల ఫ్యాక్టరీలో నర్సుగా చేరాను. వంటనూనె వచ్చే పదిహేను కిలోల రేకు డబ్బా ఉంటుందే, అవీ, పురుగుమందుల డబ్బాలూ అక్కడ తయారయ్యేవి. అంతకుముందు ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసి చేసి విసిగిపోయి ఉన్నాను. మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. బందరు రోడ్డు మీద బస్సెక్కితే ఫ్యాక్టరీ గేటు ముందే దించేవాడు. "ఫ్యాక్టరీలో రోగులెవరుంటారే, హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు" అన్నాడు మా నాన్న. అది చూసే చేర్చాడు.

ఒక గది, ఒక మంచం, గాజు తలుపుల బీరువా, గోడకి ఆనించిన స్ట్రెచరు, నేను. చట్టం ఉండమంది కాబట్టి ఇవన్నీ ఉండేవి. తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించాల్సిన సామానులో నేనూ ఒకదాన్ని. తనిఖీ రోజుల్లో మాత్రం తెల్లచీర ఇస్త్రీ చేసుకుని రమ్మని ముందే కబురు చేసేవాళ్ళు.

గేటు పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులెన్నో దాని మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు. ఏడాది పొడవునా ఆ అంకె చెరపాల్సిన అవసరం రాకపోతే హెడ్డాఫీసు మా ఫ్యాక్టరీకి షీల్డు ఇచ్చేది. పనివాళ్ళందరికీ తలా ఒక బహుమతి. ఒక ఏడాది స్టీలు క్యారియర్లు, ఒక ఏడాది గోడ గడియారాలు. దెబ్బ తగిలినవాడు మర్నాడు పనిలోకి రాలేకపోతే అది ప్రమాదం. వచ్చి కార్డు పంచ్ చేస్తే ప్రమాదం కాదు. నిబంధన అంతే.

మీరు తెలివైనవాళ్ళు, తర్వాతి సంగతి ఈపాటికి ఊహించే ఉంటారు. కాలు బెణికినవాణ్ణి ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చి నా గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. చేతికి కుట్లు పడినవాడు కార్డు పంచ్ చేసి, నా బల్ల ఎదురుగా కుర్చీలో పడి నిద్రపోయేవాడు. దానికి కుర్చీ డ్యూటీ అని పేరు. మేనేజర్లు ఎవర్నీ బలవంతం చేయాల్సిన పని కూడా ఉండేది కాదు, సాటివాళ్ళే ఆ పని చూసుకునేవాళ్ళు. ఒకసారి గోరు ఊడొచ్చినతను రెండు రోజులు సెలవు కావాలన్నాడు. వెంట వచ్చినతను, "నీ గోరు కోసం మా ఇంట్లో వాళ్ళ కుక్కరు పోగొడతావేంట్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. గోరు ఊడినతనూ నవ్వాడు. ఆ ఏడు బహుమతి ప్రెషర్ కుక్కరని అప్పటికే తెలిసిపోయింది.

డబ్బాలకి మూతలు, అడుగులు కొట్టే పవర్ ప్రెస్సులు షెడ్డులో ఒక వరసగా ఉండేవి. పని చూడ్డానికి తేలిక. రేకు ముక్క పెట్టాలి, కాలితో పెడల్ నొక్కాలి. పైనుంచి అచ్చు దిగి కొట్టి మళ్ళీ పైకి పోతుంది. చేత్తో మూత తీసి ఇంకో ముక్క పెట్టాలి. రోజంతా అదే. పెడల్ మీంచి కాలు తీస్తే అచ్చు పైనే ఆగాలి. గోడవైపు చివరి ప్రెస్సు మాత్రం ఒక్కోసారి ఆగేది కాదు. కాలు తీసేసినా రెండోసారి దిగేది. వారాల తరబడి బుద్ధిగా ఉండి, ఉన్నట్టుండి ఒకరోజు దిగేది. "దానికి ఎక్కిళ్ళు" అనేవాళ్ళు పనివాళ్ళు. ఎక్కిళ్ళ ప్రెస్సు అనే పేరు స్థిరపడిపోయింది. ప్రెస్సుకి ముందు ఇనప జాలీ ఒకటి బిగించి ఉంటే చెయ్యి అచ్చు కిందకి పోదు. కానీ జాలీతో పని నెమ్మదిస్తుందని దాన్ని విప్పి గోడకి తగిలించారు.

ఇదంతా నాకు మొదట తెలియదు. నాకు తెలిసింది వేళ్ళు. చూపుడువేలి కొస నలిగి ఒకరు, గోరు నల్లబడి ఒకరు, కణుపు దగ్గర చర్మం చెక్కుకుపోయి ఒకరు. కట్టు కడుతూ ఎక్కడ తగిలిందని అడిగితే, "ఎక్కిళ్ళ దాని మీద సిస్టర్" అనేవాళ్ళు, దారిలో కరిచే కుక్క సంగతి చెప్పినట్టు.

దాని మీద ఎక్కువగా పనిచేసినతన్ని అందరూ భాయ్ అని పిలిచేవాళ్ళు. వన్ టౌన్‌లో రేకు పెట్టెలు చేసే కుటుంబం. సూట్‌కేసులు వచ్చాక పెట్టెలు కొనేవాళ్ళు లేక దుకాణం మూతపడింది. ఇతను మా దగ్గర టెంపరరీగా చేరాడు. ఏళ్ళు గడిచినా టెంపరరీయే. మంచి మాటకారి. నేను స్టవ్ మీద కత్తెరలు ఉడకబెడుతుంటే గుమ్మంలోంచి తొంగిచూసి, "వంటయిందా సిస్టర్ గారూ?" అనేవాడు. రంజాన్ పండక్కి వాళ్ళావిడ చేసిన సేమ్యా క్యాను నిండా తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు.

ఒకరోజు వేళ్ళ కణుపులు గీరుకుపోయి వచ్చాడు.

"ఆ ప్రెస్సు మీద కూర్చోనని చెప్పొచ్చుగా భాయ్?" అన్నాను.

"చెప్తే ఇంకోణ్ణి కూర్చోబెడతారండీ. నాకైతే దాని చప్పుడు కాస్త తెలుస్తుంది."

"తెలిస్తే మరి ఈ దెబ్బేంటి?"

"కాస్త తెలుస్తుందన్నాను గానీ, మొత్తం తెలుస్తుందన్నానా?" అని నవ్వాడు.

మా సేఫ్టీ ఆఫీసర్ ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన పడుచువాడు. తండ్రికి చెరకు తోట. కొడుకు డిప్లొమా చేసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాడు. గోడల మీద నినాదాలు రాయించేవాడు, వాటిలో ప్రాసలు చక్కగా కుదిరేవి. నేను వెళ్ళి చివరి ప్రెస్సు సంగతి చెప్పాను. తలొంచుకుని విన్నాడు. అతనికి కొత్త విషయమేమీ కాదని ఆ వినడంలోనే తెలిసిపోయింది.

"సిస్టర్ గారూ, కాగితం మీదకొచ్చిన ప్రమాదానికే నేను ఆఫీసర్ని. మీ గదిలో కట్టు కట్టించుకుని వెళ్ళిపోయినవి నాకు లేనట్టే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీటింగులో మీరే అనండి. మీరంటే పెద్దాయనకి గౌరవం. నేనంటే అది నా పని చేతకానట్టు ఉంటుంది" అన్నాడు.

పెద్దాయనంటే ప్రొడక్షన్ మేనేజర్. ఆయన ఎవరిమీదా గొంతు పెంచగా నేను వినలేదు. ఎదురుపడితే మా నాన్న మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేవాడు. నెలకోసారి సేఫ్టీ మీటింగు ఆయన గదిలోనే జరిగేది. ఆయన, సేఫ్టీ ఆఫీసర్, మరమ్మతులు చూసే ఫోర్‌మన్, పనివాళ్ళ తరఫున ఒకాయన, మందుల పెట్టె నిండుగా ఉందని చెప్పడానికి నేను. ఆ నెల నినాదాల పోటీకి బహుమతులు తేల్చాక, పునుగుల ప్లేటు సగం ఖాళీ అయ్యాక నేను నోరు విప్పాను.

"చివరి ప్రెస్సు మీద వేళ్ళకి దెబ్బలు ఎక్కువగా తగులుతున్నాయండీ. కాలు తీసినా అది రెండోసారి దిగుతోందంటున్నారు."

"ఎవరంటున్నారమ్మా?" అన్నాడు మేనేజర్ నవ్వుతూనే.

"పనివాళ్ళేనండీ."

ఆయన పనివాళ్ళ ప్రతినిధి వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీవాళ్ళెవరైనా కంప్లయింట్ ఇచ్చారా?"

"లేదండీ" అన్నాడు అతను. అతని బొటనవేలికి నేను కట్టిన కట్టు ఇంకా ఉంది. ఆ చేతిని బల్ల కిందకి దించుకున్నాడు.

మేనేజర్ ఫోర్‌మన్‌ని అడిగాడు. "మెషీన్ నడుస్తోందిగా?"

"నడుస్తోందండీ. మొన్ననే రిపేరు కూడా చేశాం."

"సిస్టరు గారు మంచి విషయం చెప్పారు" అన్నాడు మేనేజర్. "మనవాళ్ళు ఏమరుపాటుగా పనిచేస్తున్నారన్నమాట. వాళ్ళకి ఒక అవగాహన క్లాసు పెడదాం. మీరే చెప్పండమ్మా, మీరు చెబితే వింటారు."

నేను ప్రెస్సు గురించి మాట్లాడాను. బల్ల అవతలి అంచుకు చేరేసరికి అది పనివాళ్ళ గురించిన మాట అయిపోయింది. ఎవరూ అబద్ధమాడలేదు, నన్ను కసురుకోలేదు. ఇంకో పునుగు తీసుకోమన్నారు కూడా.

బయటికొచ్చాక వరండాలో ఫోర్‌మన్ నా వెనకే వచ్చాడు. "క్లచ్‌లో కీ అనే ఇనప కడ్డీ అరిగిపోయి, ఒక్కోసారి అచ్చు ఆగడం లేదమ్మా. ఆకురాయితో రుద్ది మళ్ళీ అదే బిగిస్తున్నా. కొత్తది వెయ్యాలంటే ప్రెస్సు విప్పి పక్కన పెట్టాలి. సీజన్లో ఎవరాపనిస్తారు?"

"ఆ ముక్క లోపల చెప్పొచ్చు కదండీ!"

"నడుస్తోందా అని అడిగారు. నడుస్తోందన్నాను" అని బీడీ ముట్టించుకున్నాడు.

అవగాహన క్లాసు పెట్టాను. ఏమరుపాటుగా ఉండవద్దని, ఉంగరాలు తీసేయమని, చేతులు జాగ్రత్త అని చెప్పాను. వెనకాల కూర్చున్నవాళ్ళు నావంక జాలిగా చూశారు. ఆ తర్వాత నా గదికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వేలు నలిగినా గుడ్డపేలిక చుట్టుకుని పనిలోనే ఉండిపోతున్నారని భాయే చెప్పాడు. "మీ దగ్గరికొస్తే మళ్ళీ క్లాసు పెడతారేమోనని భయమండీ" అన్నాడు వేళాకోళంగా. తర్వాతి మీటింగులో మేనేజర్ నన్ను అభినందించాడు. క్లాసు బాగా పనిచేసిందట, గాయాలు తగ్గాయట.

అది మార్చి నెల. షీల్డు ఏడాది పూర్తవడానికి కొద్దిరోజులే మిగిలాయి. మధ్యాహ్నం టీ వేళ షెడ్డులో ప్రెస్సుల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. ఫ్యాక్టరీలో పనిచేసిన నర్సుకి ఆ నిశ్శబ్దం ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికే భాయ్ నడిచి వస్తున్నాడు. ఫోర్‌మన్ అతని భుజం పట్టుకుని ఉన్నాడు. కుడిచేతికి నూనె తుడిచే దూది చుట్టారు. అది ఎర్రగా తడిసి, మోచేతి వరకూ కారుతోంది.

"కాలు తీసేశాను సిస్టర్ గారూ" అన్నాడు. ఏడవడం లేదు. ఎవరో నమ్మడం లేదన్నట్టు గట్టిగా చెబుతున్నాడు. "తీసేశాను. నా కాలు నేలమీదే ఉంది. కావాలంటే పక్కవాణ్ణి అడగండి."

చేయి పైకెత్తి పట్టించి గట్టిగా కట్టు కట్టాను. మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. ఆ బాధ నిజమైనదేనని నేను ఈనాటికీ ఒప్పుకుంటాను. అంబులెన్స్ కోసం చూడకుండా తన కారులోనే ఎక్కించాడు. వెనక సీట్లో భాయ్ చేతిని నేను పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. బెంజి సర్కిల్ దగ్గర బళ్ళు కదలలేదు. భాయ్ అదే మాట అంటున్నాడు, కాలు తీసేశానని. ముందు సీట్లోంచి మేనేజర్ వెనక్కి తిరిగి, మెల్లగా, "ఇప్పుడవన్నీ ఎందుకు భాయ్? మాట్లాడకు. నీరసం వస్తుంది" అన్నాడు. భాయ్ ఊరుకున్నాడు. అంత మాటకారి, ఆ తర్వాత ఆస్పత్రి గుమ్మం దాకా నోరు తెరవలేదు.

బొటనవేలు ఒక్కటే మిగిలింది.

నాలుగో రోజో ఐదో రోజో నేను చూడ్డానికి వెళ్ళేసరికి మేనేజర్ అక్కడే ఉన్నాడు. బత్తాయిలు తెచ్చాడు. నన్ను చూసి మాట ఆపలేదు, దాచాల్సిందేమీ లేదన్నట్టు.

"నిన్ను పర్మనెంట్ చేయించే పూచీ నాది. గేటు దగ్గర కూర్చునే పని. పిల్లల చదువులు ఆగవు. ఒక్కటే మాట. పెడల్ మీద కాలు మర్చిపోయానని చెప్పు. నీ మీద ఏ చర్యా ఉండదు, నేను చూసుకుంటాను." భాయ్ భుజం తట్టి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఒప్పుకోకండి భాయ్" అన్నాను. "ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. నేను చెబుతాను. ఇన్నాళ్ళూ కట్లు కట్టినదాన్ని, నాకు తెలియదా?"

భాయ్ కిటికీ వైపు చూస్తూ పడుకున్నాడు. మాట్లాడింది వాళ్ళావిడ. చీరలకి ఫాల్స్ కుట్టే ఆవిడ, చీర కొంగుతో బత్తాయిలు తుడిచి గిన్నెలో పెడుతోంది.

"మీరు చెప్పేది నిజమే సిస్టర్ గారూ. కానీ ఆ నిజం పెట్టుకుని మేమేం చేసుకోవాలి? మీరే చెప్పండి."

నేను ఆ గిన్నె అందుకుని కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. శ్రద్ధగా పనిచేసే మనిషే. నన్ను కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"ప్రెస్సు రెండోసారి దిగడం మీరు కళ్ళారా చూశారా?"

"ప్రెస్సుని చూడలేదండీ. వేళ్ళు చూశాను."

ఆయన షెడ్డులోకి వెళ్ళి తన కాలితోనే పెడల్ నొక్కాడు, ఎన్నోసార్లు. ప్రతిసారీ అచ్చు దిగి, పైకి పోయి, బుద్ధిగా ఆగింది. ఫోర్‌మన్ పక్కన చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. సీజన్లో ఆపడానికి వీల్లేని ప్రెస్సుని ఆయన రాకముందే ఆ వారం ఆపారు. కొత్త కీ వేశారు. గోడ మీది జాలీ దిగి, పసుపు రంగు పూయించుకుని ప్రెస్సు ముందు కూర్చుంది. ప్రమాదం నాటికి ఆ జాలీ లేదని ఇన్‌స్పెక్టర్ కనిపెట్టాడు, రాసుకున్నాడు. తర్వాత భాయ్‌ని పిలిచారు. కట్టుతో వచ్చాడు.

"నాదే పొరపాటు సార్. కాలు పెడల్ మీదే మర్చిపోయాను."

పక్క ప్రెస్సు మీద పనిచేసినతను తనేమీ చూడలేదన్నాడు. సేఫ్టీ ఆఫీసర్ నేలచూపులు చూస్తున్నాడు. వెళ్ళేముందు ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకి పిలిచి, "మీరొక్కరే ఇంకోలా చెబుతున్నారమ్మా. దెబ్బ తగిలినవాడే కాదంటుంటే నేనేం రాయను?" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు.

గేటు దగ్గర బోర్డు మీద అంకె చెరిగిపోతుందనుకున్నాను. చెరగలేదు. టెంపరరీ వాళ్ళు షీల్డు లెక్కలోకి రారట. ఆ వారమే మాకు తెలిసింది. ఏప్రిల్లో షామియానా వేసి షీల్డు ఇచ్చారు, అందరికీ కుక్కర్లు పంచారు. మానవతా దృక్పథంతో భాయ్‌కీ ఒకటి ఇచ్చారు. దాని మూత తియ్యాలంటే రెండు చేతులూ కావాలన్న సంగతి వేదిక మీద ఎవరికీ తట్టలేదు. నాకిచ్చిన దాన్ని నేను ఇంటికి తీసుకెళ్ళలేదు. కత్తెరలు, ఫోర్సెప్సులు ఉడకబెట్టుకోవడానికి గదిలోనే వాడాను.

భాయ్‌ని మాట ప్రకారం పర్మనెంట్ చేశారు, గేటు దగ్గర వేశారు. మరుసటి ఏడు సేఫ్టీ వారంలో అతన్ని వేదిక ఎక్కించారు. కొత్తగా చేరినవాళ్ళకి అనుభవం చెప్పాలన్నారు. సేఫ్టీ ఆఫీసర్ రాసిచ్చిన నాలుగు ముక్కలు తడబడుతూ చదివాడు. ఆ పై ఏడు కాగితం అవసరం లేకపోయింది. మాటకారి కదా. "ఆ రోజు నా మనసు నా దగ్గర లేదు. ఇంట్లో పెద్దమ్మాయికి జ్వరం. దాని గురించే ఆలోచిస్తూ కాలు తియ్యడం మర్చిపోయాను" అనేవాడు. వేళ్ళు లేని చేతిని పైకెత్తి చూపించేవాడు. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ పిల్లకి జ్వరం లేదు. ఆ ఉదయమే దాని స్కూలు ఆటల పోటీల సంగతి నాకు కథలు కథలుగా చెప్పి వెళ్ళాడు. కానీ అలా చెబుతున్నప్పుడు అతని మొహంలో నటన కనిపించేది కాదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. సేఫ్టీ ఆఫీసర్ స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. కొంతకాలానికి ఆ పేరుతోనే ఆ ఆఫీసర్‌కి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది.

కొత్త కీ కూడా ఇనుమే కదా, అరిగింది. జాలీ మళ్ళీ గోడకెక్కింది. రెండువేల సంవత్సరం దాటాక వాలంటరీ రిటైర్మెంట్లు వచ్చి పాతవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఫోర్‌మన్ వెళ్ళిపోయాడు, మేనేజర్ కూడా రిటైరయ్యాడు. వాళ్ళ స్థానంలో కాంట్రాక్టు మనుషులు వచ్చారు. ఎక్కిళ్ళ ప్రెస్సు అనే మాట వాళ్ళెవరూ ఎరగరు. ఒకరోజు అలాంటి కొత్తవాడొకడు వేలి కొస నలిగి వచ్చాడు. ఏ ప్రెస్సని అడిగితే చివరిదన్నాడు.

"నాదే తప్పు మేడం. కాలు పెడల్ మీద మర్చిపోయాను."

"నిజంగా మర్చిపోయావా?"

తన కాలి వంక చూసుకున్నాడు. "తీసినట్టే గుర్తండీ. కానీ మర్చిపోయే ఉంటాను. లేకపోతే అది ఎందుకు దిగుతుంది? భాయ్ గారు చెప్పారు కదా."

ఆ రోజు నాకు భయం వేసింది. ఒకప్పుడు అందరికీ తెలిసి ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇప్పుడు తెలిసినవాళ్ళే లేరు. తమ కాలి కింద నేల ఉన్న సంగతి కూడా వాళ్ళు నమ్మడం లేదు. అది ఎక్కిళ్ళ ప్రెస్సని, కాలు తీసినా దిగుతుందని అతనికి చెప్పాను. వినయంగా తలూపాడు. వేదిక మీద మైకులో చెప్పిన మాట ముందు, దూది చుడుతూ ఒక నర్సు చెప్పిన మాట ఎంత? కొత్త మేనేజ్‌మెంట్‌కి రాసి ఇచ్చాను. మళ్ళీ ఒక అవగాహన క్లాసు పెట్టమన్నారు.

నూనె ప్యాకెట్లలోకి, ప్లాస్టిక్ క్యానుల్లోకి మారిపోయాక రేకు డబ్బాలకి గిరాకీ పడిపోయింది. పాత ప్రెస్సులు అమ్మేశారు. నేనూ రాజీనామా ఇచ్చి నెల గడువులో ఉన్నాను. చివరి ప్రెస్సు కొనుక్కున్నాయన ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుతాడు. ప్రెస్సుకి కొత్తగా రంగు వేశారు. గొలుసులు వేసి లారీ ఎక్కిస్తుంటే ఆయన పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, మీతో ఒక మాట. ఈ ప్రెస్సు ఉన్నట్టుండి రెండోసారి దిగుతుంది. మనుషుల్ని కూర్చోబెట్టే ముందు క్లచ్ మొత్తం మార్పించండి. జాలీ తీయకండి."

"తెలుసండీ" అన్నాడు ఆయన మర్యాదగా. "ఎక్కిళ్ళు వస్తాయి, చూసుకోండని మీ పాత మేనేజర్ గారు ముందే చెప్పారు. బేరం కుదిర్చింది ఆయనే కదా. ఆ సంగతి ఉండబట్టేగా ఈ రేటుకి ఇచ్చారు!"

ఎక్కిళ్ళు. ఆ మాటే అన్నాడు. మీటింగులో ఎవరంటున్నారమ్మా అని నన్ను అడిగిన మనిషికి ఆ మాట తెలుసు. తెలిసిన నిజం ఎక్కడ చెప్పాలో కూడా తెలుసు.

నేను గేటు దగ్గరికి గబగబా నడిచాను. ఆ వయసులో అంత వేగంగా ఎందుకు నడిచానో, ఏం ఆశించానో చెప్పలేను. భాయ్ యూనిఫాంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"విన్నారా భాయ్? మేనేజరే చెప్పాట్ట. ఎక్కిళ్ళు వస్తాయని ఆయన నోటితోనే చెప్పాట్ట!"

"ఎవరికండీ?"

"కొన్నాయనకి."

భాయ్ లేచి నిలబడ్డాడు. లారీ వైపు చూశాడు. నేను అతని మొహంలో కోపం కోసం వెతికాను.

"వదిలెయ్యండి సిస్టర్ గారూ" అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళు ఎన్ని స్టేజీల మీద చెప్పానో మీకూ తెలుసు. నా తప్పేనని ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను."

లారీ వచ్చి గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. భాయ్ ఎడమచేత్తో గడియ లాగి, భుజంతో గేటు నెట్టి, దారి ఇచ్చాడు.